సిలువ, శాలువ

శాలువ అనే మాట వింటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. సభల్లో ఎవరి భుజాల మీదనైనా దాన్ని కప్పుతుంటే ముఖం పక్కకు తిప్పుకుంటాను. సన్మానం అందుకునే మనిషి నాకు గిట్టడేమోనని పక్కవాళ్ళు అనుకుంటారు. చాలాసార్లు ఆ మనిషెవరో కూడా నాకు తెలియదు. కోరుట్ల చౌరస్తాలో మా అవ్వ ఒక పగలంతా ఎండలో కూర్చోవలసి వచ్చింది ఆ మాట మూలంగానే.

అవ్వ అంటే మా దగ్గర తల్లి. నాయనమ్మ కాదు. పుస్తకాల తెలుగు చదివినవాళ్ళకు ఈ సంగతి ప్రతిసారీ విడమరచి చెప్పవలసి రావడం కూడా నాకు చిరాకే. మా ఇల్లు కోరుట్లలో, ఊరు అయిపోయే చోట, మా వాళ్ళ వాడలో. ఆ వాడలో ఎవరికీ గుంట భూమి లేదు. కాలం వచ్చినప్పుడు మెట్‌పల్లి వైపు పసుపు తవ్వడానికి, ఉడకబెట్టడానికి పోయేవాళ్ళు, అది లేనప్పుడు మక్కజొన్న చేన్లకు పోయేవాళ్ళు. ఆ కూలితోనే అవ్వ నన్ను చదివించింది. నేను జగిత్యాలలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో చరిత్ర పాఠాలు చెప్పేదాన్ని. నా చేతి గోళ్ళు తెల్లగా ఉన్నాయని అవ్వ మురిసిపోయేది. ఆమె గోళ్ళు పండుగ నాడు కూడా పచ్చగానే ఉండేవి.

మా ప్రార్థన మందిరం అప్పట్లో రేకుల షెడ్డు. అందులో చెప్పుకోదగ్గ వస్తువు ఒకటే, అవ్వ తన పుట్టింటి నుంచి తెచ్చిన సిలువ. అవ్వ పుట్టిల్లు సిరిసిల్ల. వాళ్ళమ్మ అక్కడ ఒక సాలోళ్ళ ఇంటి వాకిట్లో కూర్చుని మగ్గానికి కండెలు చుట్టేది. ఆ ఇంట్లో గుంట మగ్గం తీసేసి కరెంటు మగ్గాలు పెట్టుకున్నప్పుడు పాత కర్రలన్నీ పొయ్యిలోకి పోతుంటే, మా అమ్మమ్మ రెండు అడిగి తెచ్చుకుంది. తాత వాటిని కోసి, చిత్రిక పట్టి, సిలువగా బిగించాడు. అడ్డకర్ర మగ్గంలో నేసిన బట్టను చుట్టుకునే దూలం. దానికి పొడుగునా ఒక గాడి ఉంటుంది. బట్ట అంచును అందులో ఇరికించి చుడతారు. మట్టల ఆదివారం నాడు అవ్వ ఆ గాడిలో వరసగా ఈత మట్టలు గుచ్చేది.

తాత పోయిన తరువాత అవ్వ ఆ సిలువను బస్సులో కోరుట్లకు తెచ్చుకుంది. వేములవాడలో గుండు చేయించుకుని మొక్కు తీర్చుకుని ఎక్కినవాళ్ళ మధ్య దాన్ని నిలువుగా పట్టుకుని నిలబడిందట. ఎవరూ ఏమీ అనలేదట. ఒక ముసలాయన మాత్రం ఇది ఏ దేవుడిదమ్మా అని అడిగి, చెబితే దండం పెట్టుకున్నాడట. ఈ ముచ్చట అవ్వ ఎన్నిసార్లు చెప్పిందో. ఆ బస్సులో ఉన్నపాటి బుద్ధి తరువాతి కాలంలో చదువుకున్నవాళ్ళకు ఎందుకు లేకుండా పోయిందని నేను ఎన్నిసార్లు తిట్టుకున్నానో.

తెలంగాణ రాష్ట్రం కోసం సకల జనుల సమ్మె నడిచిన రోజులవి. బస్సులు లేవు, బడులు లేవు, కాలేజీ లేదు. చౌరస్తాలో టెంటు వేసి రిలే దీక్షలు నడిపేవాళ్ళం. నడిపేవాళ్ళం అని కావాలనే అంటున్నాను. నేను మొదటి నుంచీ ఉన్నాను. జగిత్యాల రాస్తారోకోలో రోడ్డు మీద పడుకున్నాను, వంటావార్పులో కట్టెలు మోశాను, మైకు ఇస్తే గొంతు పోయేదాకా మాట్లాడాను. టెంటు బాధ్యత చూసే కన్వీనర్ సారు మా కాలేజీలోనే తెలుగు చెప్పేవాడు. ఆయనదీ సిరిసిల్లే, నేత కుటుంబం. నేతగాళ్ళ చావుల గురించి ఆయన మాట్లాడుతుంటే విన్నవాళ్ళు కళ్ళు తుడుచుకునేవాళ్ళు. రాస్తారోకో నాడు నా మీద పడబోయిన లాఠీకి ఆయన తన చెయ్యి అడ్డం పెట్టాడు. వాపు తగ్గడానికి చాలా రోజులు పట్టింది. ఈ సంగతి చెప్పకుండా మిగతాది చెబితే నాది అన్యాయం అవుతుంది.

రోజుకొక కులం వాళ్ళు, లేకపోతే ఒక సంఘం వాళ్ళు టెంటులో కూర్చునేవాళ్ళు. ఎవరి గుర్తు వాళ్ళు తెచ్చుకోవాలని సారే చెప్పాడు. కల్లు గీసే గౌండ్లవాళ్ళు చెట్టెక్కే మోకు ముత్తాదులతో వచ్చారు. క్షౌరం చేసేవాళ్ళు రోడ్డు మీదనే గడ్డాలు గీశారు. సిరిసిల్ల నుంచి వచ్చిన నేతవాళ్ళు టెంటు ముందర చిన్న మగ్గం నిలబెట్టారు. అర్చకుల సంఘం వాళ్ళు వచ్చిన రోజు మంత్రాలు చదివి, కొబ్బరికాయలు కొట్టి, తెలంగాణ తల్లి పటానికి హారతి ఇచ్చారు. నేనూ నిలబడి కళ్ళు మూసుకున్నాను. ఎవరి తీరు వాళ్ళదని అనుకున్నాను.

మా వాడకు మాత్రం పిలుపు రాలేదు. అవ్వ రోజూ అడిగేది, మన వంతు ఎన్నడని. రేపు రాష్ట్రం వచ్చినంక ఎవరెవరు కూర్చున్నారని అడిగితే మనం కూడా కూర్చున్నామని ఉండాలనేది ఆమె పట్టుదల. మా పాస్టరయ్య సొంతూరు కృష్ణా నది అవతల. ఆయన ఏ మాటా చెప్పలేక, సమ్మె అయ్యేదాకా సొంతూళ్ళో ఉంటానని వెళ్ళిపోయాడు. ఆయన మీద నాకు కోపం లేదు. ఆ రోజుల్లో ఆయన నోరు తెరిస్తే చాలు, యాస విని జనం నవ్వేవాళ్ళు. చివరికి మా మందిరం సంఘ పెద్దే ఫోను చేసి సారును అడిగాడు. నేను పక్కనే ఉన్నాను, ఫోను స్పీకర్లో ఉంది. సారు వెంటనే ఒప్పుకున్నాడు. పెద్దాయన సంబరంగా మరో మాట కలిపాడు.

"సార్, మేం సిల్వ గూడ పట్టుకొని అస్తం."

అవతల టెంటులో మైకు మోగుతోంది, డప్పులు మోగుతున్నాయి. సారు గొంతు కొంచెం సిగ్గుపడ్డట్టు వినిపించింది.

"గియ్యన్నెందుకు పెద్దాయినా. సరే, మీ ప్రేమ. తేండ్రి."

సిలువ తెస్తామంటే ఈయన సిగ్గుపడటం ఏమిటా అని నాకు ఒక్క క్షణం అనిపించింది. ఉద్యమం మనుషుల్ని మార్చిందని సంతోషపడి ఊరుకున్నాను. అవ్వ సిలువను దించి పల్లి నూనె పెట్టి తుడిచింది. మట్టల ఆదివారం కాకపోయినా గాడి నిండా ఈత మట్టలు గుచ్చింది. తెల్లవారి మా వాడంతా కదిలింది. డప్పులు ముందు, సిలువ పట్టుకుని అవ్వ వెనుక, ఆమె వెనుక మేమందరం. దారి పొడుగునా అవ్వ ఎవరికీ సిలువ ఇవ్వలేదు. మోకాళ్ళ నొప్పి ఉన్న మనిషి, ఆ రోజు నడిచిన నడక నేను మళ్ళీ చూడలేదు.

సారు టెంటు ముందర నిలబడి ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. ఫోటో తీసే పత్రిక మనిషిని కూడా పిలిపించుకున్నాడు. మమ్మల్ని చూసి నవ్వుతూ ముందుకు వచ్చి, అవ్వ చేతిలో ఉన్నదాన్ని చూసి ఆగిపోయాడు.

"శాల్వ ఏది పెద్దాయినా?"

"సిల్వ తెమ్మన్నరు గద సార్," అన్నాడు మా పెద్దాయన.

టెంటులో ఎవరో కిసుక్కుమన్నారు. తరువాత అందరూ నవ్వారు. నాకూ ముందు నవ్వే వచ్చింది, నిజం. సారుకు మాత్రం రాలేదు. శాలువ కోసం ముస్తాబై నిలబడ్డాడని పది మందికీ తెలిసిపోయింది కదా. ముఖం ఎర్రబడింది. అప్పటిదాకా సిలువ మీద ఆయనకు ఏ అభ్యంతరమూ లేదనే నేను నమ్ముతాను. ఆ నవ్వు తరువాతే అభ్యంతరం పుట్టింది. మనిషి పరువు పోయినప్పుడు లోపల ఉన్నదంతా బయటికి వస్తుందంటారే, అదే అయింది. మెత్తగానే మొదలుపెట్టాడు.

"మేడం, మీ గుర్తంటే డప్పు గద. డప్పు పట్టుకొని కూసోండ్రి, ఎంత బాగుంటది. గా కట్టె బయట పెట్టియ్యుండ్రి."

కట్టె అన్నాడు. శవాన్ని కాల్చేదాన్ని కట్టె అంటాం, పొయ్యిలో పెట్టేదాన్ని కట్టె అంటాం. డప్పు మా గుర్తట. మేము ఏం పట్టుకుని కూర్చోవాలో కూడా వాళ్ళే చెబుతారు. డప్పు మీద నాకేమీ చిన్నచూపు లేదు, మా తాత వేలి దెబ్బకు సిరిసిల్ల బజారు ఆగేదని విన్నాను. కానీ గౌండ్లవాళ్ళను మోకు తేవాలని, నేతవాళ్ళను మగ్గం తేవాలని ఎవరూ ఆజ్ఞాపించలేదు. వాళ్ళు తమకు నచ్చింది తెచ్చుకున్నారు. మేము మాకు నచ్చింది తెచ్చుకుంటే అది బయట ఉండాలి. మొన్న మంత్రాలు చదివినప్పుడు ఎందుకు అభ్యంతరం రాలేదని అడిగాను. అది మన సంస్కృతి అన్నాడు. మరి ఇది అన్నాను. ఆయన టెంటు వైపు తిరిగి, అందరూ వినేటట్టు చెప్పాడు.

"మీ దేవుడు తెల్లోని పడవల అచ్చిండు మేడం. గక్కడికెళ్ళి వయా గుంటూరు మనకాడికి అచ్చిండు. రాష్ట్రం అడిగే కాడ గాయినకేం పని?"

ఈసారి నవ్వు ఇంకా పెద్దగా వచ్చింది. మా డప్పులు పట్టుకున్నవాళ్ళలో కూడా ఒకరిద్దరు నవ్వారు. అవ్వ నవ్వలేదు, నా వైపు చూసింది. చదివించాను కదా, చెప్పు అన్నట్టు ఉంది ఆ చూపు.

నేను చెప్పాను. "సిలువ అన్నమాట ఇంగ్లీషు కాదు సార్. తెల్లోడు దాన్ని క్రాస్ అంటడు. మనం సిలువ అంటున్నమంటే, గది తెల్లోని కంటే ముందు బయలెల్లిన మాట."

అక్కడి నుంచి నా నోరు ఆగలేదు. యేసు మాట్లాడిన భాషకు తోబుట్టువు లాంటి భాష ఒకటుంది, సిరియా వైపు ప్రార్థనల్లో వాడేవాళ్ళు. అందులో సిలువను స్లీబా అంటారు. ఎర్ర సముద్రం దాటి, వానకాలపు గాలి పట్టుకుని, మిరియాల కోసం మలబారు తీరానికి వచ్చిన పడవల్లో ఆ మాట దిగింది. ఆ పడవల్లోనే యూదులూ వచ్చారు. దేవుడికి బొమ్మ లేదు, వారానికొక రోజు పని లేదు అనుకునే వాళ్ళు మిరియాల బస్తాల పక్కన ఇళ్ళు కట్టుకుని, అక్కడి రాజుల దగ్గర చోటు సంపాదించుకుని, అక్కడి భాషే మాట్లాడారు. యేసు శిష్యుడే స్వయంగా వచ్చాడని కేరళ వాళ్ళు నమ్ముతారు. అది రుజువు చేయడం నా వల్ల కాదు గానీ, ఆయన వచ్చి ఉంటే ఆ వర్తకుల దారి తప్ప వేరే దారి లేదు. స్లీబా అక్కడి నుంచి తమిళం వాళ్ళ నోట సిలువై అయి, మన నోట సిలువ అయింది. గుంటూరు వాళ్ళ బైబిలు అచ్చుకాక ముందే ఆ మాట సగం దారి నడిచేసింది.

ఆ దారి ఒక వైపే నడవలేదని కూడా చెప్పాను. మన గోదావరి ఒడ్డున శాతవాహనుల నాటి కోటిలింగాల ఉంది, ఇవతల పెద్దబంకూరు ఉంది. పెద్దబంకూరు తవ్వితే రోము రాజుల నాణేలు దొరికాయి. ఇక్కడి నేతబట్ట బండ్ల మీద పడమటి రేవులకు పోకపోతే ఆ నాణేలు ఈ మట్టిలోకి ఎట్లా వచ్చాయి? యూదుల లేఖనాల్లో ఒక మహారాజు తోటలో పందిరి కట్టిన వర్ణన ఉంది. ఆ పందిరి తెల్లబట్టకు వాడిన మాట కర్పస్. అది వాళ్ళ మాట కాదు, మన కార్పాసమే, మన పత్తే. సిరిసిల్ల కొడుకుగా మీరు గర్వపడవలసిన సంగతి సార్ అది, ఈ దేశం పత్తి వాళ్ళ దేవుడి పుస్తకంలో టెంటయింది, మీరు ఆ దేవుణ్ణి మన టెంటులోకి రానివ్వరా అని అడిగాను.

మూల కూర్చున్న ఒకాయన మాత్రం శ్రద్ధగా తల ఊపాడు. సారు చేతులు జోడించి, క్లాసు కాలేజీ తెరిచినంక చెప్పండి మేడం అన్నాడు. మళ్ళీ నవ్వులు. పడవలు, మిరియాలు, నాణేలు అన్నీ ఆ నవ్వులో కొట్టుకుపోయాయి.

అప్పుడు నాకు అర్థమైన సంగతి ఇంకా మంటపెట్టింది. అసలు నేను ఎందుకు రుజువు చెయ్యాలి? మా వాడకు యేసు వచ్చింది నిజంగానే తెల్లవాళ్ళ దవాఖాన దారిలో. మా ముత్తాత ఊరి దొర గడి ముందు నుంచి పోతే చెప్పులు చేతిలో పట్టుకుని నడిచేవాడు. తెల్లదొర దవాఖానలో ఆయన్ను బల్ల మీద కూర్చోమన్నారు. కూర్చోమన్న దేవుణ్ణి ఆయన ఉంచుకున్నాడు. అందులో దాచుకోవలసింది ఏముంది? టెంటులో అందరూ తాగుతున్న చాయ్ ఎక్కడిది? అన్నంలో కలుపుకునే మిరపకాయ ఏ పడవలో వచ్చింది? సిరిసిల్ల కరెంటు మగ్గం ఎవరి దేశంలో పుట్టింది? వాటినెవరూ బయట నిలబెట్టి నీ వయసెంత, నువ్వు ఏ దారిలో వచ్చావని అడగలేదు. మా అవ్వ మాత్రం తాను పుట్టిన నేల కోసం ఒక పూట పస్తుండటానికి తన దేవుడి రాకపోకలన్నీ ఒప్పజెప్పాలి. నేను ఒప్పజెప్పడానికి పూనుకున్నాను కూడా.

గొడవ పెద్దదవుతుందని సారుకు భయం వేసినట్టుంది. అవ్వ దగ్గరికి వచ్చి, ఇటియ్యమ్మా నేనే జాగ్రత్తగా పెడతానని అడ్డకర్ర పట్టుకున్నాడు. ఆయన వేళ్ళు సరిగ్గా ఆ గాడిలో పడ్డాయి. ఈత మట్టలను పక్కకు జరిపి చూశాడు. చిన్నప్పటి నుంచి మగ్గం ముందు పెరిగిన మనిషి కదా, ఎవరూ చెప్పకుండానే తెలిసిపోయింది. బొటనవేలితో ఆ గాడిని ఈ చివర నుంచి ఆ చివరకు రాశాడు.

"గిది మగ్గం కర్ర," అన్నాడు, నాకూ అవ్వకూ మాత్రమే వినపడేటట్టు.

"సిరిసిల్లదే సారూ," అంది అవ్వ.

ఆ క్షణాన ఆయన మాట మార్చుకుంటాడని నాకు గట్టి నమ్మకం కలిగింది. లాఠీకి చెయ్యి అడ్డం పెట్టిన మనిషి కదా. ఆయన కళ్ళు కూడా తడిసినట్టే అనిపించింది. కానీ తల ఎత్తి టెంటులో జనాన్ని చూశాడు, పత్రిక మనిషిని చూశాడు. చెయ్యి తీసేశాడు. ఎవరైనా సరే రూలు రూలే అని గట్టిగా అన్నాడు. తెలియక చేసినవాళ్ళను నేను ఎందరినో వదిలేశాను. తెలిసి చేశాడు కాబట్టే ఆయన్ను వదలలేకపోయాను.

అవ్వ గొంతు పెంచలేదు. "కట్టె బయటుంటె నేను గూడ బయట్నే ఉంట," అని, రోడ్డు పక్కన గోనెసంచి పరుచుకుని, సిలువను భుజానికి ఆనించుకుని కూర్చుంది. మా వాడవాళ్ళు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. ఎన్ని రోజులు ఎదురుచూస్తే వచ్చిన వంతో అది. పోతే మళ్ళీ రాదు. సంఘ పెద్ద తల వంచుకుని ముందుగా లోపలికి పోయాడు. ఆయన వెనుక మిగతావాళ్ళు పోయారు. డప్పులు లోపల మోగాయి. నేను అవ్వ పక్కన కూర్చున్నాను.

ఎండ నడినెత్తికి వచ్చింది. తారు రోడ్డు సెగ గోనెలో నుంచి తగిలేది. అవ్వ కొంగు సిలువ మీద కప్పింది, తన నెత్తి మీద కాదు. కప్పుకోవే అంటే వినలేదు. కళ్ళు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టింది. "ప్రభువా, మా తెలంగాణ రాష్ట్రమును మాకు దయచేయుము," అంటోంది. అవ్వకు దేవుడితో ఆ తెలుగు తప్ప రాదు. బైబిలు ఆ తెలుగులోనే చేతికి వచ్చింది కాబట్టి దేవుడికి ఆ తెలుగే తెలుసని ఆమె నమ్మకం. తెలంగాణ ఇమ్మని దేవుణ్ణి అడగడానికి కూడా మా అవ్వ కృష్ణ అవతలి వ్యాకరణం అరువు తెచ్చుకుంటోందని నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. చాలాసేపటికి, గొంతు ఎండిపోయాక, ఆ వ్యాకరణం జారిపోయింది. "దేవా, మా తెలంగాణ మాకియ్యి. ఇంకేమడుగుత," అంది మామూలుగా, పక్కింటామెతో మాట్లాడినట్టు.

పొద్దు వాలే కొద్దీ టెంటు నీడ రోడ్డు మీదికి జరిగింది. ముందు అవ్వ కాళ్ళ మీద పడింది, తరువాత ఒడిలోకి వచ్చింది, సాయంత్రానికి మా ఇద్దరినీ, సిలువనూ కప్పేసింది. దీక్ష విరమింపజేయడానికి సారు లోపలివాళ్ళకు నిమ్మరసం ఇచ్చి, ఒక గ్లాసు పట్టుకుని బయటికి వచ్చాడు. ఒంగి అవ్వ ముందు పెట్టి, ఏమీ మనసుల పెట్టుకోకు అవ్వా అన్నాడు. నేను గ్లాసు నెట్టేద్దామనే చెయ్యి లేపాను. అవ్వ నా చెయ్యి పట్టుకుంది.

"నీడ మీరియ్యలే సారూ. పొద్దు తిరిగి ఇచ్చింది," అంది. అని ఆ నిమ్మరసం తాగింది.

ఇంటికి వచ్చాక నేను అవ్వ మీద అరిచాను. ఆయన చేతి గ్లాసు ఎట్లా తాగబుద్ధయిందని అడిగాను. దప్పికయింది, తాగిన అంది. ఆయనకు సిగ్గైందిలే, నువ్వు ఊకో అంది. ఆమెకు అక్కడితో అయిపోయింది. నాకు కాలేదు. కాలేజీ తెరిచాక ఆయనతో మాట్లాడటం మానేశాను. జగిత్యాల బస్సులో ఆయన ముందు సీట్లో కూర్చుంటే నేను వెనుక నిలబడి పోయేదాన్ని. రాష్ట్రం వచ్చిన రాత్రి ఊరంతా పటాకులు కాల్చి ఏడ్చి కౌగిలించుకుంటుంటే ఆయన దూరం నుంచి నాకు చెయ్యి ఊపాడు. నేనూ ఊపాను. దగ్గరికి మాత్రం పోలేదు.

తరువాత ఆయన నాయకుడయ్యాడు. మా రేకుల షెడ్డు స్లాబు మందిరమయింది. ఒక క్రిస్మస్‌కు సర్కారు తరఫున విందు, చీరలు మా మందిరంలోనే పంచుతామని, ఆయనే ముఖ్య అతిథి అని సంఘ పెద్ద వచ్చి చెప్పాడు. నేను రానన్నాను. అవ్వ చెయ్యి పట్టుకుని నడిపించడానికి ఎవరూ లేరు కాబట్టి పోయాను. అప్పటికి ఆమెకు చూపు మందగించింది.

లోపల వేదిక వెనుక గోడ నిండా ఫ్లెక్సీ, అందులో ఆయన నిలువెత్తు ఫోటో. ఆయన మైకు పట్టుకుని మాట్లాడటం మొదలుపెట్టాడు. విన్న మొదటి మాటలకే నా చెవుల్లోంచి పొగలు వచ్చాయి. సిలువ అన్నమాట ఇంగ్లీషు కాదంటున్నాడు. మలబారు తీరం, మిరియాలు, యూదు వర్తకులు, పెద్దబంకూరు నాణేలు, పందిరికి కట్టిన పత్తి బట్ట, అన్నీ వరసగా చెబుతున్నాడు. ఒక్క ముక్క వదల్లేదు. ఆ రోజు క్లాసు కాలేజీలో చెప్పమన్న మనిషి ప్రతి అక్షరమూ విన్నాడన్నమాట. జనం చప్పట్లు కొట్టారు. సంఘ పెద్ద కళ్ళు మెరుస్తున్నాయి.

అవ్వ నా మోచెయ్యి లాగింది. సిల్వ కనపడతలేదు, నా కండ్లకేనా అని అడిగింది. నేను గోడ వైపు చూశాను. ఎప్పుడూ సిలువ ఉండే చోట ఫ్లెక్సీ ఉంది. పక్కన నిలబడ్డ వాళ్ళను అడిగితే, ఫోటోకు అడ్డమొస్తుందని పొద్దున్నే దించామని, బయటనే ఉందని చెప్పారు. దించింది ఆయన కాదు. ఆయన మనుషులు కాదు. మా వాళ్ళే, అవ్వ చేతుల్లో పెరిగినవాళ్ళే.

అవ్వకు చెప్పాను. ఉపన్యాసం మధ్యలో ఆమె లేచింది. సారు ఒక్క క్షణం ఆగి, మళ్ళీ అందుకున్నాడు. బయట గోడవారన, విందుకు వచ్చినవాళ్ళ చెప్పుల మధ్య సిలువ ఆనించి ఉంది. అడ్డకర్ర గాడిలో ఎవరో చినిగిన రబ్బరు చెప్పు ఇరికించారు. అవ్వ ఆ చెప్పు తీసి పక్కన పెట్టింది. గాడిలో వేలు పెట్టి మట్టి గీకింది. తరువాత అక్కడే మెట్టు మీద కూర్చుని, సిలువను భుజానికి ఆనించుకుంది. నేను పక్కన కూర్చున్నాను. లోపలి మాటలు స్పష్టంగా వినిపిస్తున్నాయి.

"బిడ్డా, గాయిన చెప్పేదంత నిజమేనా? గంత దూరం కెళ్ళి అచ్చిందా సిల్వ?"

"నిజమే అవ్వా."

"సముద్రాలు దాటుకుంట?"

"ఆఁ."

అవ్వ కాలి దగ్గర ఉన్న చెప్పులను ఒకటొకటిగా పక్కకు జరిపి, సిలువ అడుగున కొంచెం చోటు చేసింది.

"గంత దూరం నడిచచ్చి, గీ చెప్పుల కాడ్నే ఆగిందా బిడ్డా," అంది.

లోపల మళ్ళీ చప్పట్లు మోగాయి. ఆయనకు శాలువ కప్పుతున్నారు.